కొండను కుదించండి, వాలును కాదు

బొమ్మ రైలు కట్టేవాడు అన్నిటినీ కుదిస్తాడు. ఇంజన్‌ని, పెట్టెల్ని, స్టేషన్‌ని, పక్కనున్న చింతచెట్టుని, చివరికి ప్లాట్‌ఫాం మీద టీ అమ్మే మనిషిని కూడా. హెచ్‌ఓ అనే స్కేలులో ఏ వస్తువైనా అసలు దానిలో 87వ వంతు. కానీ ఒక్క అంకె మాత్రం ఏ స్కేలుకీ లొంగదు. అది వాలు. అరవై అడుగులు నడిచి ఒక అడుగు ఎక్కే దారిని 87వ వంతుకి తగ్గించండి, 160వ వంతుకి తగ్గించండి, అది అరవైకి ఒకటిగానే ఉంటుంది. కొత్తవలస–కిరండూల్ లైన్లో అరకు కొండ ఎక్కే గూడ్సుకి ఏ వాలో, మా మేడ మీద గదిలో ఎక్కబోయే బొమ్మ గూడ్సుకీ అదే వాలు.

అలాంటప్పుడు కొండ లేఅవుట్ వేసే ప్రతివాడూ మొట్టమొదట వాలునే ఎందుకు పాడు చేస్తాడు? ఇదీ నా ఫిర్యాదు.

పాలిటెక్నిక్‌లో సర్వేయింగ్ పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. విశాఖలో ఉంటాను. ఖాళీ దొరికాక అరకు ఘాట్‌ని గదిలో కట్టాలని కూర్చున్నాను. ఈ పని మొదలుపెట్టినప్పట్నుంచీ నాకు దొరికిన సలహాల్లో తొంభై పాళ్లు ఒకటే: ‘మాస్టారూ, చోటు లేదు కదా, వాలు పెంచెయ్యండి. ఇరవై అయిదుకి ఒకటి పెట్టెయ్యండి. బొమ్మే కదా!’ బజార్లో దొరికే ఫోమ్ ముక్కలు కూడా ఆ మాటే అంటాయి. వందకి రెండు, మూడు, నాలుగు చొప్పున లేచేలా కోసి అమ్ముతారు. వందకి నాలుగంటే ఇరవై అయిదుకి ఒకటి. ఆ వాలు మీద మన దేశంలో ఒక్క బ్రాడ్‌గేజ్ మెయిన్ లైను కూడా నడవదు.

అరకు లైనులో కనబడనిది

ఈ లైను సంగతి కొంచెం చెప్పుకోవాలి. బైలడిలా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి ఎగుమతి చేయడం కోసం 1960లలో వేసిన దారి ఇది. అరకు అందాలు చూపించడానికి ఎవరూ పట్టాలు వెయ్యలేదు. ఖనిజం బరువైనది, బండి పొడుగైనది, కొండ నిటారైనది. ఈ మూడింటికీ రాజీ కుదిర్చిన అంకె అరవైకి ఒకటి. బొడ్డవర దాటాక శివలింగపురం, టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ అంటూ ఎక్కుతూ పోతుంది బండి. శిమిలిగుడ దగ్గర సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఎత్తైనదిగా చాలా కాలం పేరు మోసింది. 2008లో కశ్మీర్ లోయలో రైలు తిరగడం మొదలయ్యాక ఆ పేరు అటు వెళ్లిపోయింది.

2017లో ఈ బండికి అద్దాల పైకప్పు పెట్టె తగిలించారు. అప్పటి నుంచి జనం సొరంగాలు లెక్కపెడుతున్నారు, సొరంగం వచ్చిన ప్రతిసారీ పిల్లలు కేకలు పెడుతున్నారు. మంచిదే. కానీ ఆ అద్దంలోంచి ఎంత చూసినా వాలు మాత్రం కనబడదు. లోయ కనబడుతుంది, జలపాతం కనబడుతుంది, వెనక్కి చూస్తే ఇందాక దాటొచ్చిన పట్టా కింద ఎక్కడో కనబడుతుంది. బండి ఎక్కుతోందన్న సంగతి ఒంటికి తెలియదు. గ్లాసులో టీ కూడా ఓ పక్కకి ఒరగదు. అరవైకి ఒకటంటే కోణం ఒక డిగ్రీ కంటే తక్కువ.

ఆ డిగ్రీ కోసం ఇంజనీర్లు పడ్డ పాట్లే ఆ లైనంతా. తొమ్మిది వందల మీటర్లు ఎక్కాలంటే ఈ వాలు మీద కనీసం 54 కిలోమీటర్ల పట్టా కావాలి. కొండ మీదికి సూటిగా గీత గీస్తే అందులో చాలా కొంచెమే వస్తుంది. మిగతా పొడుగు ఎక్కణ్ణుంచి తేవాలి? కొండ నడుము చుట్టూ తిప్పి, లోయలోకి లోపలిదాకా తీసుకెళ్లి, మళ్లీ బయటికి లాగి, అడ్డొచ్చిన ముక్కుకల్లా సొరంగం తొలిచి తెచ్చారు. మనం మెచ్చుకునే సొరంగాలూ వంతెనలూ అలంకారం కోసం వచ్చినవి కావు. వాలు పెంచనని భీష్మించుకున్నందుకు చెల్లించిన వెల అవి. మోడల్ కట్టేవాడు వాలు పెంచి, సొరంగాలు మాత్రం ఉంచుకుంటే ఏమైనట్టు? ఆ సొరంగాలకి పనేమీ లేనట్టు.

ఇనుప చక్రానికి ఇనుప పట్టా మీద పట్టు తక్కువ. చదునులో అది వరం. వెయ్యి టన్నుల బండిని మెల్లగా నడుపుతూ ఉండటానికి రెండు మూడు టన్నుల లాగుడు చాలు. అదే బండి అరవైకి ఒకటి ఎక్కేటప్పుడు, వెయ్యిని అరవైతో భాగించండి, పదహారు పదిహేడు టన్నులు అదనంగా వెనక్కి గుంజుతాయి. ఇరవై అయిదుకి ఒకటి మీద నలభై టన్నులు. అందుకే ఈ లైను మీద ఖనిజం బండికి మూడేసి ఇంజన్లు కట్టడం చూస్తాం. 1980ల చివర్లో స్వీడన్ నుంచీ, జపాన్ నుంచీ తెప్పించిన వ్యాగ్-6 ఇంజన్లు విశాఖకి చేరింది కూడా ఈ బరువు మొయ్యడానికే. కంటికి ఆనని ఒక్క డిగ్రీ ఇంత పని చేస్తుంది.

గదిలో లెక్క

ఇప్పుడు నా గదికి రండి. పదహారడుగులకి పదడుగులు. శిమిలిగుడ ఎత్తుని 87తో భాగిస్తే పదకొండున్నర మీటర్లు. మూడంతస్తుల మేడ ఎత్తు. 54 కిలోమీటర్ల పట్టాని భాగిస్తే 620 మీటర్లు. మా వీధి ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచినా అంత ఉండదు. 58 వ్యాగన్ల ఖనిజం బండి ఒక్కటే ఏడు మీటర్లు దాటుతుంది. గదిలో పట్టదు, గుమ్మం దాటి వరండాలోకి వస్తుంది.

కాబట్టి కుదించక తప్పదు. ప్రశ్నల్లా ఏది కుదించాలన్నదే.

నేనేమీ మడి కట్టుకు కూర్చున్నవాణ్ణి కాదు. చాలావాటికి సర్దుకున్నాను. మన బ్రాడ్‌గేజ్ వెడల్పు 1676 మిల్లీమీటర్లు. 87వ వంతుకి 19.3 రావాలి. హెచ్‌ఓ పట్టా వెడల్పు 16.5. అంటే నా బండి దాదాపు మూడు మిల్లీమీటర్లు ఇరుకైన దారిలో నడుస్తుంది. సరే. మూలమలుపులు 60 నుంచి 75 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో తిరగాలి. అరవై సెంటీమీటర్లని 87తో గుణిస్తే 52 మీటర్లు. రైల్వే రూలు ప్రకారం బ్రాడ్‌గేజ్‌లో 175 మీటర్ల కంటే బిగువైన మలుపు ఉండకూడదు. దానికంటే మూడు రెట్లు బిగువు. అదీ సరే. 58 వ్యాగన్ల చోట పన్నెండు. సరే.

ఇన్నిటికి తలూపినవాణ్ణి వాలు దగ్గర ఎందుకు మొండికేస్తున్నానంటే, ఆ మూడూ బండి రూపాన్ని మారుస్తాయి. వాలు బండి నడతని మారుస్తుంది. పైగా మలుపుకి తలొగ్గినందువల్లే వాలు దగ్గర మరింత గట్టిగా ఉండాలి. మలుపులో చక్రం అంచు పట్టాని ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడి బండికి ఇంకొంచెం ఎత్తు ఎక్కినట్టే. రైల్వేలో డిగ్రీ మలుపుకి వందకి 0.04 చొప్పున వాలు తగ్గించమని లెక్క ఉంది. అరవైకి ఒకటి అనుమతించిన చోట ఎనిమిది డిగ్రీల మలుపు వస్తే అక్కడ పట్టాని 74కి ఒకటి కంటే ఎక్కువ లేపరు. అసలు రైల్వేనే మలుపు దగ్గర వాలు తగ్గించుకుంటుంటే, మూడు రెట్లు బిగువు మలుపు పెట్టి వాలు రెట్టింపు చేయమంటారేమిటి ఈ సలహాదారులు?

నా దగ్గరున్న ఇంజన్ బరువు 400 గ్రాములు. చిన్న స్ప్రింగ్ త్రాసుకి కట్టి లాగిస్తే, చక్రాలు జారే లోపు 90 గ్రాముల దాకా లాగింది. వంద గ్రాముల వ్యాగన్‌ని చదునులో కదపడానికి దాదాపు రెండు గ్రాములు కావాలి. ఇక మిగిలింది ఎక్కాల పుస్తకం. సూటిపట్టా మీద చదునులో నలభై అయిదు వ్యాగన్లు లాగాలి. అరవైకి ఒకటి మీద ఇరవై రెండు. ఇరవై అయిదుకి ఒకటి మీద పన్నెండు. ఇంజన్ తన బరువు తనే ఎత్తుకోవాలన్న సంగతి కూడా ఇందులో కలిపాను. నా బండికి పన్నెండు వ్యాగన్లు, వెనక ఒక బ్రేక్ వ్యాన్. ఇరవై అయిదుకి ఒకటి పెడితే సూటిపట్టా మీదే బండి ఊపిరి ఆగిపోతుంది, మలుపు దాకా వెళ్లేదే లేదు. వెళ్లినా ఇంకో గండం ఉంది. ముందు ఇంజన్ గుంజుతుంటే వెనక బరువు వెనక్కి లాగుతుంటే, మధ్యలో తేలికపాటి వ్యాగన్లు మలుపు లోపలి వైపుకి పట్టా తప్పి ఒరిగిపోతాయి.

అప్పుడేం చేస్తారు? ఆరు వ్యాగన్లకి దిగుతారు. ఆరు వ్యాగన్లతో ఖనిజం బండి అనిపించుకోదు. రాజీ అలా ఒకదాని వెనక ఒకటి వస్తుంది. ఎత్తు కావాలని వాలు పెంచితే బండి పొట్టిదవుతుంది, బండి పొట్టిదైతే లైను ఎందుకు వేశారో ఆ కారణమే పోతుంది.

నా ప్లాను ఇది. గోడల వెంట రెండు చుట్లు. మూలలు గుండ్రం చేశాక చుట్టుకి పదమూడు మీటర్ల పైచిలుకు, రెండు చుట్లకి 27 మీటర్లు. కింద చిమిడిపల్లి, మధ్యలో బొర్రా గుహలు. ఒక్కో స్టేషన్‌కి 2.7 మీటర్ల చదును. ఇంజన్, పన్నెండు వ్యాగన్లు, బ్రేక్ వ్యాను కలిసి లూప్ లైన్లో ఇముడుతాయి. మిగిలిన 21 మీటర్లూ ఎక్కుడే. అరవైతో భాగిస్తే 35 సెంటీమీటర్లు. మూర కూడా లేదు. అసలు కొండలో అది ముప్పై మీటర్ల ఎత్తుకి సమానం. ‘996 మీటర్ల కొండలో ముప్పై మీటర్లా!’ అని నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ ముప్పై మీటర్లలో అబద్ధం లేదు. కొండలో ఒక ముక్క కోసుకొచ్చాను, కొండని పిండి నలిపినట్టు నలపలేదు.

ఎత్తు చూపించడానికి పట్టాని ఎత్తనక్కర్లేదు కూడా. పట్టా వెనక గోడని కొండగా లేపవచ్చు, పట్టా ముందు బల్లని కిందికి తగ్గించి లోయ చెయ్యవచ్చు. లోయ లోతు, కొండ ఎత్తు మన ఇష్టం. వాటి మీద రైలు నడవదు. అరకు వెళ్లేటప్పుడు మనకి గుండె జల్లుమనేది కిటికీ పక్కన నేల లేకపోవడం వల్ల, పట్టా ఎంత లేచిందో లెక్కగట్టడం వల్ల కాదు.

కంటిని నమ్మకండి

వాలు కంటికి తెలియదని చెప్పాను కదా. చూపించడానికి నా దగ్గర ఒక బద్ద ఉంది. పొడవు 108 సెంటీమీటర్లు. ఒక చివర కింద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క పెడితే అరవైకి ఒకటి. దాని మీద రెండు మోడల్ పట్టాలు అతికించి ఉంచాను. ఎవరు గదిలోకి వచ్చినా ముందు దాని దగ్గరికే తీసుకెళ్తాను. మా మనవరాలు వంగి, ఒక కన్ను మూసి చూసింది.

‘తాతయ్యా, ఇది చదునుగానే ఉంది కదా?’

ఒక వ్యాగన్ చేతికిచ్చి పైచివర పెట్టమన్నాను. వదిలింది. ఒక్క క్షణం ఆగి, మెల్లగా కదిలి, చివరికొచ్చేసరికి దాని అరచేతిలో ఠక్కున తగిలింది. ఇంకొకటి పెట్టింది. కదల్లేదు. మరొకటి కదిలి మధ్యలో ఆగిపోయింది. ఆ సాయంత్రం అది వ్యాగన్లన్నిటినీ బద్ద మీద పరీక్ష పెట్టి, దొర్లేవి ఒక పక్క, మొండికేసేవి ఒక పక్క విడదీసింది. మొండివాటికి చక్రాలు మార్చాలి. మోడల్ వ్యాగన్ బరువుతో పోలిస్తే దాని ఇరుసు రాపిడి అసలు వ్యాగన్ కంటే చాలా ఎక్కువ. ఆ రాపిడికి తోడు వాలు కూడా పెంచితే ఇంజన్‌కి రెండు దెబ్బలు.

దొర్లినవాటితో ఇంకో చిక్కు. కొక్కెం ఊడితే అవి ఆగవు. అసలు లైన్లో కష్టం ఎక్కుడులో కంటే దిగుడులోనే ఎక్కువ. విశాఖ వైపు ఘాట్ దిగేది ఖనిజం నిండిన బండి, పైకి ఎక్కేది ఎక్కువగా ఖాళీ బండి. అందుకే కొండ స్టేషన్లలో క్యాచ్ సైడింగ్, స్లిప్ సైడింగ్ అని ఉంటాయి. స్టేషన్ వైపుకి దిగే వాలు ఎనభైకి ఒకటి కంటే ఎక్కువైతే, అదుపు తప్పి వచ్చే బండిని పక్కకి మళ్లించడానికి క్యాచ్ సైడింగ్ వెయ్యాలి. స్టేషన్ నుంచి బయటికి దిగే వాలు వందకి ఒకటి కంటే ఎక్కువైతే, నిలబెట్టిన వ్యాగన్లు జారి మెయిన్ లైను ఎక్కకుండా స్లిప్ సైడింగ్ వెయ్యాలి. స్టేషన్ లోపల వాలు నాలుగు వందలకి ఒకటి దాటకూడదు. ప్రతి అంకె వెనకా ఎప్పుడో ఎక్కడో జారిపోయిన బండి ఉంటుంది.

మోడల్‌లో ఇవి అలంకారానికి పెట్టేవాళ్లే ఎక్కువ. నేను పనికొచ్చేలా పెడుతున్నాను. చిమిడిపల్లికి పైన క్యాచ్ సైడింగ్ చివర చిన్న ఇసుక దిబ్బ, బల్ల అంచున ఆక్రిలిక్ రేకు. పైనుంచి వదిలిన వ్యాగన్ ఇరవై మీటర్లు దిగి వస్తే ఎంత వేగంతో వస్తుందో పట్టుకున్న చేతికే తెలుస్తుంది. కింద గచ్చు.

బల్ల కట్టడానికి వచ్చిన వడ్రంగి మొదట్లో నన్ను అనుమానంగా చూశాడు.

‘ఏటి మాస్టారూ, బల్ల ఓ పక్కకి వాలిపోనాది. సరిచేసీమంటారా?’

‘వద్దు బాబూ, అలాగే వాలాలి. కానీ ఎంత వాలాలో అంతే వాలాలి.’

తర్వాత అతనే మేస్త్రీలు వాడే నీళ్ల పైపు తెచ్చాడు. రసమట్టం చిన్నదైతే మూర దూరంలో తేడా చూపించదు. గది చుట్టూ ఒకే మట్టం పట్టాలంటే నీళ్ల పైపుని మించింది లేదు. ఒక చివర నేను పట్టుకున్నాను, ఇంకో చివర అతను పట్టుకుని గోడ మీద పెన్సిల్‌తో ముందు చదును గీత, దానిపైన ప్రతి అరవై సెంటీమీటర్లకి ఒక సెంటీమీటర్ చొప్పున పెంచుతూ రెండో గీత కొట్టాడు. రెండు గీతలూ తలుపు దగ్గర మొదలై తిరిగి తలుపు దగ్గరికి వచ్చేసరికి మధ్య జానెడు ఎడం. ‘ఇంతేనేటండి?’ అన్నాడు. ఇంతే. ఈ జానెడే అరకు లైను.

వాలు మొదలయ్యే చోట, ముగిసే చోట కోణంలా విరవకూడదు. పట్టాని మీటరు దూరంలో మెల్లగా వంచి లేపాలి. లేకపోతే కొక్కేలు ఒకటి పైకి, ఒకటి కిందికి అయి ఊడిపోతాయి. తలుపు దగ్గర తీసి పెట్టుకునే వంతెనలు రెండు. అక్కడ మాత్రం వాలు చెడకుండా ఇత్తడి పిన్నులు వేయిస్తున్నాను.

నిటారు కావాలంటే దాని వెల కట్టండి

ఇంత చెప్పినా, ‘నాకు నిటారు వాలే ముద్దు’ అనేవాళ్లుంటారు. వాళ్లకి దారి లేదనను. నిటారుగా ఉన్న అసలు లైన్లు లోకంలో ఉన్నాయి. ముంబై నుంచి పైకొచ్చే భోర్ ఘాట్, థల్ ఘాట్ రెండూ ముప్పై ఏడుకి ఒకటి. 1860లలోనే వేశారు. ఇప్పటికీ అక్కడ కర్జత్ దగ్గరా, కసారా దగ్గరా బండి వెనక బ్యాంకర్ ఇంజన్లు కట్టి నెడతారు. ఆ ఘాట్ కడితే ఆ బ్యాంకర్ ఇంజన్లూ కట్టాలి. ముందు ఇంజన్‌కీ వెనక ఇంజన్‌కీ వేగం సరిపోల్చుకోవాలి, బండి ఆపి కట్టి విప్పే పని చెయ్యాలి.

అమెరికాలో నార్త్ కరోలైనాలో సలూడా అని ఒక ఘాట్ ఉంది. 1878లో మొదలైంది. వందకి నాలుగున్నర పైనే వాలు, అంటే దాదాపు ఇరవై ఒకటికి ఒకటి. ఆ దేశంలో మెయిన్ లైన్లలో అదే నిటారు. అక్కడ పొడుగాటి బండిని కొండ కింద ఆపి, ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ పైకి చేర్చి మళ్లీ కలిపేవాళ్లు. దిగేటప్పుడు అదుపు తప్పిన బండిని మళ్లించే దారులు వేరే ఉండేవి. చివరికి 2001లో బండ్లు ఆపేశారు. సలూడా కడితే ముక్కలు చేసే యార్డు కట్టండి, మళ్లింపు దారులు కట్టండి. ఇరవై ఒకటికి ఒకటి అక్కడ సత్యమే. అరకు పేరు పెట్టి సలూడా వాలు వెయ్యడమే తప్పు.

ఊహల్లోంచి రైల్వే పుట్టించే మార్గం ఒకటుంది. కాలిఫోర్నియా మాంటెరేలో జాన్ అలెన్ తన ఇంట్లో గోరీ అండ్ డిఫీటెడ్ అనే కల్పిత రైల్వేకి నేల నుంచి పైకప్పు దాకా కొండలు కట్టాడు. 1973 జనవరిలో ఆయన పోయిన కొద్ది రోజులకే అది అగ్నికి ఆహుతైంది. ప్రపంచంలో మోడల్ కట్టేవాళ్లందరూ ఇప్పటికీ ఆ ఫొటోలు చూస్తారు, నేనూ చూస్తాను. ఆ రైల్వే ఆయన సొంతం, దాని కొండకీ దాని వాలుకీ ఆయనే మాట. ఉన్న ఊరి పేరు స్టేషన్ బోర్డు మీద రాసేవాడికి ఆ వెసులుబాటు ఉండదు.

ఇది గదికే పరిమితం కాదు

ఒక రిటైర్డ్ మాస్టారి బొమ్మల గోల పత్రికలో ఎందుకంటారా? వాలు లెక్క తెలియకపోవడం బొమ్మలతో ఆగలేదు గనక.

మా వీధి చివర ఒక బ్యాంకు ఉంది. గుమ్మం వీధి కంటే మూడడుగుల ఎత్తు. చక్రాల కుర్చీ కోసమని పక్కన ర్యాంపు కట్టారు, పొడవు ఎనిమిది అడుగులు. మన దేశపు మార్గదర్శకాల ప్రకారం అలాంటి ర్యాంపు వాలు పన్నెండుకి ఒకటి దాటకూడదు. అంటే మూడడుగుల ఎత్తుకి కనీసం ముప్పై ఆరడుగుల పొడవు కావాలి. నీలగిరి కొండ రైలు కూడా దాదాపు పన్నెండుకి ఒకటే. ఆ వాలు మీద చక్రం జారుతుందని పట్టాల మధ్య పళ్ల కడ్డీ వేసి, పళ్ల చక్రంతో పట్టుకుని ఎక్కుతుంది ఆ ఇంజన్. పళ్ల చక్రం పెట్టుకున్న ఇంజన్ ఎక్కే వాలు కంటే నాలుగు రెట్లకి పైగా నిటారుగా, నరాల బలం లేని చేతులతో చక్రం తిప్పుకునే మనిషిని ఎక్కమంటున్నాం. ఆ ర్యాంపు మీద ఇప్పుడు మోటారు సైకిళ్లు పెడుతున్నారు. దానికి పనికొస్తోంది.

అపార్టుమెంటు సెల్లారు నుంచి కారు రోడ్డెక్కేటప్పుడు బంపరు గీసుకుంటుంది, కారణం వాలు ముగిసే చోట వంపు లేకపోవడం. కొత్తగా వేసిన కాలువలో నీళ్లు నిలబడతాయి, కారణం కాలువకి అసలు వాలే లేకపోవడం. ఒక చోట మరీ ఎక్కువ, ఒక చోట అసలు లేదు. ‘కంటికి బాగానే ఉంది కదండీ’ అని సంతకం పెట్టినవాళ్లే రెండు చోట్లా.

ఈ అలవాటు ఎక్కడ మొదలవుతుందో తెలుసు. బడిలో సైన్సు ఎగ్జిబిషన్‌కి పిల్లలు థర్మోకోల్ కొండ చేస్తారు. దాని మీద ఆకుపచ్చ రంగు, మధ్యలో సొరంగం, కొండ ఒంటి మీద నిచ్చెనలా పట్టా, పట్టా మీద రైలు. కింద ‘అరకు రైలు మార్గం’ అని చీటీ. మొదటి బహుమతి వస్తుంది. ఆ పిల్లల్ని ఏమీ అనను, ఎంతో ఓపికగా చేస్తారు. బహుమతి ఇచ్చే పెద్దలు ఒక్క ప్రశ్న అడగవచ్చు: ‘ఈ పట్టా ఎంత దూరానికి ఎంత ఎత్తు ఎక్కుతోంది, నాన్నా?’ స్కేలు పెట్టి కొలిచి చెప్పగలిగితే, ఆరో తరగతి నిష్పత్తి పాఠం అక్కడికక్కడే ఒంటబడుతుంది.

అందుకని విశాఖ నగరానికి ఒక కోరిక. ఈ ఊరికి అరకు రైలంటే గర్వం, పోస్టర్ల మీదా గోడల మీదా బొమ్మ వేసుకుంటాం. ఒక ప్రదర్శనశాలలో ఈ లైను మోడల్ పెట్టండి. లైనంతా వద్దు. పొగమంచు యంత్రాలూ, రంగు దీపాలూ వద్దు. నాలుగు మీటర్ల పొడుగున్న మూడు బద్దలు పక్కపక్కన పెట్టండి. ఒకటి అరవైకి ఒకటి, అరకుది. ఒకటి ముప్పై ఏడుకి ఒకటి, భోర్ ఘాట్‌ది. ఒకటి ఇరవై అయిదుకి ఒకటి, థర్మోకోల్ కొండది. ఒకే రకం ఇంజన్లు మూడు, ఒకే బరువున్న వ్యాగన్లు ఓ పెట్టెడు. పిల్లలే ఒక్కో వ్యాగన్ తగిలించి, ఏ బద్ద మీద ఇంజన్ ఎన్నిటి దగ్గర చేతులెత్తేస్తుందో పలక మీద రాసుకోవాలి. ఒక సెల్ఫీ పాయింటు కట్టే ఖర్చులో సగం కూడా కాదు. ఆ పలక నింపిన పిల్లలు రేపు అద్దాల పెట్టెలో అరకు వెళ్తే, సొరంగాలు ఎన్నో లెక్కపెట్టడంతో ఆగరు, అన్ని సొరంగాలు ఎందుకు కావలసివచ్చాయో పక్కసీట్లో నాన్నకి చెప్తారు. ఇంకొన్నాళ్లకి ఏ కాలువకో ర్యాంపుకో సంతకం పెట్టే కుర్చీలో కూర్చుంటే, సంతకానికి ముందు కొలబద్ద అడుగుతారు.

మోడల్ కట్టేవాళ్లకి మాత్రం ఆఖరి మాట ఒకటే. గదికి ఎంత పొడుగు పట్టా పడుతుందో ముందు కొలవండి. దాన్ని అరవైతో భాగించండి. వచ్చిందే మీ కొండ. అది జానెడే అయినా, మూరెడే అయినా, దానికి సరిపడా ఊళ్లే బోర్డు మీద రాయండి. ఇంజన్ ఏది కొనాలన్నది ఆ తర్వాత మాట్లాడుకుందాం.